సీసం గుండుకి కట్టిన ఉంగరం

డిసెంబరు 2

పొద్దున్న ప్యాసింజరు. మెషీన్‌ని బియ్యం సంచిలో చుట్టాను, గుండ్రటి ప్లేటు మాత్రం బయటికి పొడుచుకొచ్చింది. నిడుబ్రోలులో ఎక్కిన పెద్దాయన దాన్ని చాలాసేపు చూసి, "పొలానికి మందు కొట్టేదా బాబూ?" అన్నాడు. కాదండి, ఇసకలో లోహం వెతికేది అన్నాను. "దొరికితే ఎవరిదంటారు మరి?" అదీ అసలు ప్రశ్న! బాపట్ల దాకా చెబుతూనే ఉన్నాను. దిగేటప్పుడు చూస్తే నిద్రపోతున్నాడు.

శ్రీను ఆటోలో సూర్యలంక. మెషీన్‌లో సగం వాడిది కాబట్టి ఆటో ఊరికే, సలహాలూ ఊరికే. "స్నానాలు చేసేచోట వెతకరా కరీమూ. పల్లె వైపు ఏముంటది, తుప్పు మేకులు."

అందుకే జాలర్ల పల్లె వైపు వెళ్ళాను.

సరుగుడు తోట దాటాక, పడవలు లాగిపెట్టే చోటికి కాస్త ఎగువన. ఇసకలో గుచ్చిన వెదురు పుల్ల, దానికి ఎర్ర తాడు ముక్క. పీకి చెత్త సంచిలో వేశాను, కనబడిన చెత్తనల్లా ఏరడం నా నియమం. అక్కడే మెషీన్ కూసింది. మోచేతి లోతు తవ్వితే ఉంగరం. బంగారం. లోపలి వైపు బాగా అరిగింది, ఎవరో ఏళ్ళ తరబడి తొడిగింది. ఆకుపచ్చ నైలాను దారం చుట్టుకుని ఉంది, వల పీలిక అనుకుని చాకుతో కోసేశాను. గుంటలో ఇంకా కూస్తోంది. నీళ్ళు ఊరుతున్నాయి, పొద్దు వాలింది. ఏ సీసా మూతో అయి ఉంటుందని పూడ్చేశాను.

శ్రీను ఉంగరాన్ని అరచేతిలో ఎగరేసి, "కార్తీక స్నానాల పంట మనకి ఆలస్యంగా వచ్చిందిరా" అన్నాడు. అమ్ముదామంటాడు. లాక్కున్నాను. మాటా మాటా పెరిగింది. "నువ్వు నాయకుడివి, నేను ఆటోవాణ్ణి, పో" అని నన్ను అక్కడే దింపేసి వెళ్ళిపోయాడు. బస్సు లేదు. నడిచాను. నడుస్తూ కూడా నాదే న్యాయమనిపించింది.

డిసెంబరు 3

మా అబ్బా తన తాళాల కొట్లో కూర్చుని నా చేతిలో ఉంగరం చూశారు. "ఎవరిది?" తెలీదు, వెతికి ఇచ్చేస్తాను అన్నాను. "పోగొట్టుకున్నవాడు వెతుక్కుంటూ వస్తాడు. రాకపోతే అది పోయింది కాదేమో, చూసుకో" అన్నారు, సైకిలు తాళం లోపల నూనె పోస్తూ. ఏమిటో ఆ మాట. పట్టించుకోలేదు.

డిసెంబరు 4

బీచిలో టీ కొట్టు పక్కన అట్ట కట్టాను. నా చేత్తోనే, పెద్దక్షరాల్లో: ఒక ఉంగరం దొరికింది. గుర్తులు చెప్పి తీసుకెళ్ళండి. ఇది ఎవరి దయా కాదు, మీ హక్కు.

చివరి వాక్యం ఎందుకని టీ కొట్టాయన అడిగాడు. ఎందుకో వివరించాను. టీ చల్లారిపోయింది.

డిసెంబరు 5

ముగ్గురు వచ్చారు. ఒకడు రాయి ఉందన్నాడు, ఒకావిడ వెంకటేశ్వరస్వామి బొమ్మ ఉందంది, ఇంకొకడు నేరుగా "చూపించు, గుర్తుపడతా" అన్నాడు. అందరూ అబద్ధమే! కేకలేశాను. ప్రజల కోసం అనుకుంటామా, ప్రజలేమో ఇలా... అయినా వాళ్ళ తప్పు కాదు. లేమి నేర్పిన బుద్ధి. అలా అని చదివాను, అలాగే నమ్ముతున్నాను. కానీ ఆ మూడోవాడి మొహం మాత్రం తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది.

రైల్లో నా కరపత్రం మొదలుపెట్టాను. పేరు: ఒడ్డున దొరికింది ఎవరిది? మొదటి వాక్యం: "వస్తువు పోగొట్టుకున్నవాడిది, వాడు దొరకకపోతే అందరిది." బాగుంది. రెండో వాక్యం రావట్లేదు.

డిసెంబరు 6

వాయుగుండం అట. మబ్బు. బోట్లన్నీ వెనక్కి రమ్మని చెప్పారని టీవీలో.

డిసెంబరు 7

తడి బట్టలతోనే రాస్తున్నాను.

టీ కొట్టు దగ్గర ఒక ముసలాయన నా అట్ట ముందు నిలబడి ఉన్నాడు. చదువు రాదట, టీ కొట్టాయన చదివి వినిపించాడు. పేరు వెంకటస్వామి, పల్లె మనిషి. "ఉంగరం ఎక్కడ తీశావు అబ్బాయ్?" తోట దాటాక, పడవల దగ్గర. "పుల్ల ఉందా అక్కడ? ఎర్ర తాడు?" ఉంది తాతా, పీకేశాను, చెత్త అనుకుని—

ఆయన బల్ల మీద కూర్చుండిపోయాడు.

అది పోయిన ఉంగరం కాదు. ఆయన కొడుకు ఏడుకొండలుది. నిజాంపట్నం బోటు మీద పనికి పోతాడు. వల లాగే తాడులో ఉంగరం ఇరుక్కుంటే వేలు తెగిపోతుంది, అందుకని ఎక్కేముందు తీసేయాలి, అందరూ తీసేవాళ్ళే. మిగతావాళ్ళు ఇంట్లో పెట్టిపోతారు. వీళ్ళింట్లో మాత్రం అలా కాదు. "ఇంట్లో పెడితే మనసు ఇంటి మీదుంటది, పని సాగదు. ఒడ్డున పెడతాం. మా నాయనా అంతే, నేనూ అంతే. బోటు ఎక్కడ ఆగినా, మనిషి మాత్రం ఈ ఒడ్డుకొచ్చి తన చేత్తో తీసుకోవాల." ఇసక కదిలినా ఉంగరం కదలకుండా సీసం గుండుకి కట్టి పాతుతారట. ఆకుపచ్చ దారంతో.

గుంటలో ఇంకా కూసింది అదే.

వెళ్ళిన మిగతా బోట్లన్నీ వచ్చేశాయి. ఏడుకొండలు ఎక్కింది రాలేదు. వైర్‌లెస్సు పలకడం లేదు.

నేనేం చేయాలి? తలొంచుకోవాలి. నేను చేసింది వాదన! "వాయుగుండం నా ఉంగరం చూసి వచ్చిందా తాతా? బోటుని డీజిల్ నడుపుద్ది, ఉంగరం కాదు. ఈ భయాలే మిమ్మల్ని ఇలా..." ఇంకా ఏవో అన్నాను. నేను చదివిన కరపత్రాలన్నీ ఒకేసారి నోట్లోంచి వచ్చాయి. ఆయన కాదనలేదు. "అవును బాబూ, డీజిలే" అన్నాడు.

ఏడుకొండలు భార్య వచ్చింది, నాగమణి అక్క. ఎవరు చెప్పారో, పరుగున వచ్చింది. ఉంగరం చాపాను. చేతులు వెనక్కి తీసుకుంది. "నాకొద్దు తమ్ముడూ. నా చేతికొచ్చిందంటే ఆయన చేతి నుంచి పోయినట్టే. ఎక్కడ తీశావో అక్కడే పెట్టు."

సరేనన్నాను. తోట దాటాను. ఏ గుంట? పుల్ల లేదు. నేనే పీకేశాను. అలలు పడవల దాకా వస్తున్నాయి, ఇసకంతా ఒక్కటే తెలుపు. ఇక్కడ అని ఒకసారి, కాదు అక్కడ అని ఒకసారి. అక్క నా వెనకే నడుస్తోంది.

వాన మొదలైంది.

డిసెంబరు 8

వాన. రైలుకి పోలేదు. ఉంగరం చొక్కా జేబులో. ఇంట్లో పెడదామంటే ధైర్యం చాలట్లేదు. ఎందుకు చాలట్లేదు? ఇంట్లో పెడితే ఏమవుతుంది? ఏమీ కాదు. అయినా జేబులోనే. అమ్మీ చొక్కా ఉతుకుతానంది, అరిచాను. తర్వాత అన్నం దగ్గర ఏం మాట్లాడాలో తెలియక పచ్చడి బాగుందన్నాను. "ఇవాళ పచ్చడి లేదు" అంది.

డిసెంబరు 9

కూర్చోలేక రేపల్లె రైలెక్కాను, అక్కడి నుంచి నిజాంపట్నం బస్సు. చెరుకుపల్లి వైపు వరి నేల మీద పడుకుంది, కోసిన పనలు నీళ్ళలో తేలుతున్నాయి.

హార్బరులో బోట్లు ఒకదానికొకటి ఆనుకుని. వేలంపాట లేదు, చేప లేదు. ఎండబెట్టే అరుగులు తడిసి ఖాళీగా, వాటి మీద కుక్కలు. ఏడుకొండలు బోటు యజమాని తరఫు మనిషి ఐసు గది మెట్ల మీద ఫోన్ చూసుకుంటున్నాడు.

"వైర్‌లెస్సు పలకట్లేదు అంతేనయ్యా. పలకనంత మాత్రాన పోయినట్టా?"

వెతకడానికి ఎవరైనా వెళ్ళారా అన్నాను. "గాలి తగ్గాలిగా." మరి పొమ్మన్నప్పుడు గాలి వస్తుందని తెలీదా, మీ ఐసు కరగకూడదని మనుషుల్ని— అని మొదలుపెట్టాను. గొంతు పెద్దదైంది. జనం చేరారు. అతను తాపీగా లేచి, "ఎవరబ్బాయ్ నువ్వు? వాళ్ళ తాలూకా?" అన్నాడు.

తాలూకా. ఏం చెప్పను? మనిషి ఇంకా సముద్రంలో ఉండగా ఒడ్డున అతని గుర్తు పీకేసినవాణ్ణి అనా?

తిరిగొచ్చాను. అతని మీద అన్న ప్రతి మాటా న్యాయమే. అన్నీ న్యాయమే అయినా ఏదో తప్పించుకోవడానికే అరిచినట్టుంది.

డిసెంబరు 10

గాలి తగ్గిందట. వెతకడానికి రెండు బోట్లు బయల్దేరాయని తాత ఫోన్. ఫోన్ పెట్టేముందు, "రేపొస్తావుగా?"

డిసెంబరు 11

ఈ రోజు గురించి రాయకుండా ఉంటే బాగుండు.

ఒడ్డు మారిపోయింది. పడవల దగ్గర ఇసక నడుం ఎత్తు కోసుకుపోయింది, పైన ఇంకో చోట మేట వేసింది. సీసం గుండు దొరికితే చోటు దొరికినట్టే, దానికి కోసిన ఆకుపచ్చ దారం ఇంకా ఉంటుంది. కానీ మెషీన్ చవకది. ఇనుమైనా బంగారమైనా ఒకటే కూత, ఉప్పునీళ్ళ తడి ఇసక మీద ఊరికే కూడా కూస్తుంది.

వెతికిన చోటే మళ్ళీ వెతక్కుండా గళ్ళు గీసుకోవాలన్నాను. నాగమణి అక్క పాత వల తెచ్చింది, "ఇవిగో గళ్ళు." ఆమె, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు కలిసి ఇసక మీద పరిచారు. ఎంత బాగా ఆలోచించింది అనుకుని మెషీన్ ఆన్ చేశాను. ఎక్కడ పెట్టినా కూతే! పది చోట్ల తవ్వాక తాత వచ్చి చూసి, "వల అంచుకి సీసం గుండ్లున్నాయి కదయ్యా" అన్నాడు. ఆ ఇద్దరాడవాళ్ళూ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. నాగమణి అక్క కూడా నవ్వింది. ఆమె నవ్వడం చూసి నాకు కాస్త ఊపిరాడింది.

సీసం గుండ్ల తాడు విప్పేశారు. ఇంకా కూస్తోంది. చూస్తే వాళ్ళ కాళ్ళు, ప్లేటు పక్కనే, గళ్ళలో. పట్టీలు తీయమన్నాను, తీశారు. పిన్నీసులు తీశారు. నాగమణి అక్క నాకు అన్నిటికంటే దగ్గరగా ఉంది, ఆమె దగ్గరే కూత ఆగట్లేదు. చిరాకు. పొద్దు పోతోంది, అల వస్తోంది. తల కూడా ఎత్తకుండా గట్టిగా అనేశాను—

"ఆ మెట్టెలు కూడా తీసి రా అక్కా."

తలెత్తాను. మిగతా ఇద్దరూ నన్ను చూడట్లేదు. అక్క తన కాళ్ళ వైపు చూసుకుంటోంది. ఎవరు తీస్తారో, ఎప్పుడు తీస్తారో నాకు తెలీదా? మా వీధిలో చూడలేదా? భర్త ఉన్నాడో లేడో తెలియని మనిషితో అన్నాను. ఇసక ముందు, అందరి ముందు, కేకేసి.

ఒకావిడ అంది, మెల్లగా: "పద నాగమణీ." వలని అక్కడే వదిలేసి వెళ్ళారు. తాత ఉండిపోయి, సీసం గుండ్ల తాడు చుట్ట చుట్టుకున్నాడు.

"నేను ఆ అర్థంలో అనలేదు తాతా."

"ఏ అర్థంలో అన్నా వినేది చెవే కదయ్యా."

డిసెంబరు 12

అన్నం తినలేదు. కరపత్రం తీసి మొదటి వాక్యం చదివాను. పోగొట్టుకున్నది, దొరికింది... ఈ రెండే నాకు తెలుసు. పెట్టింది? ఎవరికో అప్పగించి వెళ్ళింది? దానికి వాక్యం లేదు.

శ్రీనుకి ఫోన్ చేశాను. ఆ రోజు దింపేసి పోయాక ఇదే మాట్లాడటం. అంతా విన్నాడు. "ఒరేయ్, అమ్మేద్దామన్న నేను దొంగనా, తిరిగిచ్చేస్తానన్న నువ్వు దొరవా?" అన్నాడు. తర్వాత, "రేపు ఏడింటికి స్టేషన్ బయట ఉంటా."

డిసెంబరు 13

చలి. పొగమంచులో శ్రీను ఆటో లైటు.

ఒడ్డున ఎవరూ లేరు. వల మొన్నటి నుంచి అలాగే పరిచి ఉంది, తీసుకుపోలేదు. అంటే వెతుక్కో అనే. లేకపోతే ఆ వైపు రావడమే ఇష్టం లేకనా? తెలీదు. శ్రీను గళ్ళు చెబుతున్నాడు, నేను ప్లేటు ఊపుతున్నాను. మేకు. మేకు. డబ్బా మూత. పడవ ఇంజను నట్టు. గుండె ప్రతి కూతకీ ఒకేలా కొట్టుకుంటోంది.

సాయంత్రానికి మేట వేసిన ఇసక అంచున, భుజం లోతులో, వేలంత పొడుగు సీసం. దానికి ఆకుపచ్చ దారం, చాకుతో కోసిన నున్నటి అంచు.

శ్రీను టోపీ తీసి ఇసక మీద కొట్టాడు.

అసలు చోటేనా ఇది? సీసమే కొట్టుకొచ్చి ఇక్కడ ఆగిందా? చెప్పే మార్గం లేదు. తాతని పిలిచాను. ఆయన చాలాసేపు సముద్రాన్నీ తోటనీ మార్చి మార్చి చూసి, "ఉన్నచోటే చోటు" అన్నాడు. ముడి ఆయనే వేశాడు, నా చేత వేయించలేదు. నేను పాతాను. పుల్ల గుచ్చాను. ఎర్ర తాడు లేదు. శ్రీను ఆటో అద్దానికి వేలాడే ఎర్ర కుచ్చు తెంపి కట్టాడు.

జేబు తేలికైంది. చెయ్యి మాత్రం రైల్లో దారి పొడుగునా జేబు తడుముతూనే ఉంది.

డిసెంబరు 14

వెతకడానికి వెళ్ళిన బోట్లు తిరిగొచ్చాయి. డీజిల్ అయిపోయి. ఒక ప్లాస్టిక్ డబ్బా కనబడిందట, అలాంటి డబ్బాలు ప్రతి బోటులోనూ ఉంటాయట.

డిసెంబరు 15

దక్షిణాన ఏదో రేవులో తెలియని బోటు ఆగిందని ఒకరు, అది తమిళ బోటని ఇంకొకరు. ఏడుకొండలు ఫోన్‌కి కొట్టి చూశాను, ఆ నంబరు తాత ఇచ్చాడు. స్విచ్ ఆఫ్. మళ్ళీ కొట్టాను. మోగితే ఏం మాట్లాడతానో కూడా తెలీదు. నీ ఉంగరం ఉంది అన్నా, రా అంటానేమో.

డిసెంబరు 16

పల్లెకి వెళ్ళాను. అక్క గుమ్మంలో చేపలకి ఉప్పు పట్టిస్తోంది. క్షమించు అందామని నాలుగు మాటలు దారంతా కూర్చుకున్నాను. నన్ను చూసి, "టీ తాగుతావా" అంది. తాగాను. నాలుగు మాటలూ టీతో పాటు లోపలికే పోయాయి. లేచి వస్తుంటే అడిగింది:

"తవ్వకుండానే ఉందో లేదో చెప్పుద్దా, నీ మెషీను?"

చెప్పుద్దక్కా.

డిసెంబరు 17

పుల్ల మీద ప్లేటు ఊపాను. కూసింది. మెషీన్‌కి చెవుల్లో పెట్టుకునే ఇయర్‌ఫోన్లున్నాయి, అవి అక్కకిచ్చాను. ఆమె కళ్ళు మూసుకుని వింది. "ఇంకోసారి." ఊపాను. "ఇంకోసారి." ఎన్నిసార్లో. ఉంది, అక్కడే ఉంది, అంతే కదా చెప్పేది. బోటు గురించి ఇది ఒక్క ముక్కా చెప్పదు. నాకు తెలుసు, ఆమెకీ తెలుసు. ఆమె మొహం మాత్రం... కూత విన్నంతసేపూ మొహం వేరేగా ఉంది.

వాదించాలని ఒక్కసారి కూడా అనిపించలేదు. అది నన్ను భయపెడుతోంది.

డిసెంబరు 18

రాత్రి పోటు పెద్దది వచ్చింది. పొద్దున్న వెళ్ళేసరికి పుల్ల లేదు. ఇసక నున్నగా, పైన నాచు. మళ్ళీ.

శ్రీను కట్టిన కుచ్చు సరుగుడు వేరుకి చిక్కుకుని కనిపించింది. దాన్ని బట్టి, తాత పడవని బట్టి లెక్కేసి, ఇక్కడే అయి ఉంటుందని నిలబడ్డాను. మెషీన్ విప్పకముందే అక్క వస్తోంది. చేయి చాపింది, చెవులకి పెట్టుకునే వాటి కోసం. ఒక్క నిమిషం ఆగక్కా, ముందు నేను చూస్తాను అనాలి. అనలేదు. ఇచ్చేశాను.

అవి పెట్టుకుంటే చప్పుడు వాటిలోనే, నాకు వినబడదు. నాకు కనబడేది మెషీన్ మీద చిన్న ఎర్ర దీపం ఒక్కటే. ఊపాను. వెలగలేదు. జరిగాను, ఊపాను. వెలగలేదు. ఆమె కళ్ళు మూసుకునే ఉంది, ఏమీ వినబడక, ఇంకాస్త బాగా వినాలన్నట్టు ఒక అడుగు నా వైపు వేసింది. దీపం వెలిగింది.

ఆమె కుడి పాదం ప్లేటుకి జానెడు దూరంలో ఉంది. తడి ఇసకలో మెట్టెలు.

"ఉందా తమ్ముడూ?"

ఉంగరమా, మెట్టెలా? నాకు తెలియదు. తెలియనిది తెలియదనే చెప్పాలని ఎందరితో వాదించాను, ఎంతమందిని తిట్టాను...

"ఉందక్కా."

ఇంకోసారి అంది. ప్లేటు కదపకుండా పట్టుకున్నాను. దీపం వెలుగుతూనే ఉంది.

ఆమె వెళ్ళాక ఒక్కడినే చాలాసేపు. ఇప్పుడు ఊపితే తెలిసిపోతుంది, ఎవరూ లేరు. స్విచ్చు మీద వేలు పెట్టాను. తీసేశాను. బియ్యం సంచిలో చుట్టేశాను.

బాపట్లలో రైలు ఆలస్యం. బోటు సంగతి ఏమీ తెలియలేదు. రేపు కూడా వినిపించమంది. ఆమెని ఎంత దూరంలో నిలబడమనాలో ఇంకా తేల్చుకోలేదు.